రేంజ్‌ఫైండర్ కెమెరాలు: నా బల్ల దగ్గరకొచ్చే అపోహలు, వాటి వెనకున్న వాస్తవాలు

కిందటి నెల ఒక కుర్రాడు కడిగించిన నలుపు తెలుపు రీలు పట్టుకుని వచ్చాడు. ముప్పై ఆరు ఫ్రేముల్లో ఒక్క బొమ్మ లేదు. ఆ చివర నుంచి ఈ చివరిదాకా అద్దంలా తేటగా ఉంది. "షట్టర్ పోయిందేమో చూడండి సార్" అన్నాడు. షట్టర్ శుభ్రంగా ఉంది. రీలు అంచున కంపెనీ పేరు, నంబర్లు పడ్డాయి కాబట్టి కడగడంలోనూ తప్పు లేదు. లెన్స్ మూత తీశావా అని అడిగాను. "మూత ఉంటే లోపల చీకటిగా కనిపించాలి కదా సార్?" అన్నాడు.

రేంజ్‌ఫైండర్‌లో కనిపించదు. కాకినాడలో మా నాన్న స్టూడియో నడిపిన గదిలోనే నేనిప్పుడు పాత కెమెరాలు బాగు చేస్తున్నాను. ఈ రకం కెమెరాల గురించి నేను వినే మాటల్లో సగం ఇలాంటివే.

అపోహ: మనకు కనిపించేదే లెన్స్ చూస్తుంది

ఎస్ఎల్‌ఆర్‌లో లెన్స్ వెనక అద్దం ఉంటుంది, లెన్స్ చూసేదే మనమూ చూస్తాం. ఇందులో ఆ అద్దం లేదు. కెమెరా పైభాగంలో ఒక కిటికీ, దానికి కాస్త ఎడంగా ఇంకో చిన్న కిటికీ ఉంటాయి. చిన్న కిటికీలో పడ్డ బొమ్మ లోపలి అద్దాల మీదుగా వచ్చి, మనం చూసే కిటికీ నడుమ ఒక చిన్న గడిలా కనిపిస్తుంది. దాన్ని ప్యాచ్ అంటాం. లెన్స్ తిప్పుతుంటే ప్యాచ్‌లోని బొమ్మ పక్కకి జరుగుతుంది. రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్న చోట ఫోకస్ కుదిరినట్టు. చెయ్యి చాచి వేలు నిలబెట్టి, ఒక కన్ను మూసి తెరిచి రెండో కన్ను మూయండి. వేలు పక్కకి గెంతినట్టు కనిపిస్తుంది. కెమెరా చేసే లెక్క కూడా అదే.

అంటే ఈ కెమెరా ఫోకస్‌ని చూడదు, దూరాన్ని కొలుస్తుంది. లెన్స్ వెనక అంచు లోపలున్న ఒక మీటను నొక్కుతుంది, ఆ మీట అద్దాన్ని తిప్పుతుంది. ఎప్పుడో కిందపడి మీట వెంట్రుకవాసి పక్కకి జరిగిందనుకోండి, ప్యాచ్‌లో బొమ్మలు చక్కగా కలుస్తాయి, రీలు మీద ముఖం మాత్రం మసకగా పడుతుంది. "లెన్స్ బాగోలేదండీ" అని నా దగ్గరకొచ్చిన వాటిలో చాలావాటికి లెన్స్ బంగారంలా ఉంది, తప్పంతా మీటది.

దీన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు. ముందు దూరం. లెన్స్‌ను అనంతం (∞) గుర్తు దగ్గర పెట్టి చంద్రుణ్ణి చూడండి. రెండు చంద్రుళ్లు కనిపిస్తే సర్దాలి. నేనైతే సాయంత్రం డాబా ఎక్కి వాకలపూడి లైట్‌హౌస్ వైపు చూస్తాను. ఒక బొమ్మ పైకీ ఒకటి కిందికీ ఉంటే నిలువు సర్దుబాటు పోయినట్టు. తరవాత దగ్గర. రీలు లేకుండా వెనక తలుపు తీసి, రీలు ఆనే పట్టాల మీద బటర్ పేపరు ముక్క బిగుతుగా అతికించండి. షట్టర్‌ను బి మీద (నొక్కినంతసేపూ తెరుచుకుని ఉండే స్పీడు) తెరిచిపెట్టి, అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే కంత) పూర్తిగా తెరవండి. టేపుతో కొలిచి ఒక మీటరు దూరంలో న్యూస్‌పేపరు నిలబెట్టండి. ప్యాచ్ కలిసిన చోట బటర్ పేపరు మీద అక్షరాలు కూడా తేటగా ఉన్నాయా, భూతద్దంతో చూడండి. అరగంట పని. ఇది చేయకుండా మొదటి రీలు పెట్టొద్దు.

ఆ కుర్రాడి రీలుకి ఇంకో కారణం కూడా ఉండవచ్చు. రీలు కొస స్పూలుకి పట్టకపోయినా ఇలా తేటగానే వస్తుంది. రీలు ఎక్కించి లీవరు తిప్పుతున్నప్పుడు, ఎడమవైపు రీలును వెనక్కి చుట్టే బుడిపె కూడా తిరుగుతోందా అని చూస్తే ఆ అనుమానం తీరిపోతుంది.

అపోహ: రేంజ్‌ఫైండర్ అంటే లైకా

లైకా జర్మన్ కెమెరా. 1925లో అమ్మకానికి వచ్చిన మొదటి లైకాలో రేంజ్‌ఫైండరే లేదు. దూరం అంచనా వేసి లెన్స్ తిప్పుకోవాలి. లెన్స్‌తో కలిసి పనిచేసే రేంజ్‌ఫైండర్ వాళ్లకు 1932లో లైకా 2తో వచ్చింది. అంతకు చాలా ముందే, 1916లో, కోడాక్ 3ఏ ఆటోగ్రాఫిక్ స్పెషల్‌లో అది ఉంది. 1954లో వచ్చిన లైకా ఎం3 గొప్ప యంత్రం, ఇప్పటికీ దాని కిటికీలోంచి చూస్తే నాకు ముచ్చటేస్తుంది. కానీ కెనాన్ పి, కెనాన్ 7, నికాన్ ఎస్2, యాషికా ఎలెక్ట్రో 35, కెనానెట్, ఇవన్నీ రేంజ్‌ఫైండర్లే. కాంటాక్స్ జి2కి ఆటోఫోకస్ కూడా ఉంది. మన ఊళ్లలో పెట్టెల అడుగున దొరికేది ఎక్కువగా యాషికా. మొదటి కెమెరాకి అదే చాలంటాను, లేదా కెనానెట్.

అపోహ: ఫోకస్ విషయంలో ఏ రేంజ్‌ఫైండర్ అయినా ఎస్ఎల్‌ఆర్‌ని మించుతుంది

ఇక్కడ కొంచెం లెక్క ఉంది. రెండు కిటికీల మధ్య ఎడం ఎంత ఎక్కువుంటే కొలత అంత నిక్కచ్చిగా వస్తుంది. మన కళ్లు దగ్గరగా ఉండి ఉంటే దూరం అంచనా వేయడం ఎంత కష్టమయ్యేదో ఊహించుకోండి. ఆ ఎడాన్ని, కిటికీ బొమ్మను ఎంత చిన్నది చేసి చూపిస్తుందో ఆ అంకెతో గుణించాలి. ఎం3లో ఎడం దాదాపు 68.5 మిల్లీమీటర్లు, బొమ్మ 0.91 వంతు. గుణిస్తే 62 పైచిలుకు. 1984లో వచ్చిన ఎం6కి 0.72 వంతే కాబట్టి 50 దగ్గర ఆగుతుంది. 1973లో వచ్చిన లైకా సీఎల్‌కి 31.5ని 0.60తో గుణిస్తే 19 కూడా రాదు. మూడింటి మీదా ఉన్నది లైకా పేరే.

50 ఎంఎం లెన్స్‌తో ఎఫ్/2 దగ్గర మనిషి ముఖం తీయడానికి ఎం3 నిశ్చింతగా సరిపోతుంది. సీఎల్‌తో పెద్ద అపెర్చరున్న 90 ఎంఎం పెట్టి కనుపాప మీద ఫోకస్ చేయబోతే టెన్షన్ తప్పదు. ఆ కెమెరాకి జతగా అమ్మిన 90 కూడా ఎఫ్/4 లెన్సే. ఇక 135 దగ్గరికొస్తే, నేను ఏ రేంజ్‌ఫైండర్‌నీ నమ్మను, ఎస్ఎల్‌ఆర్ తీస్తాను. రేంజ్‌ఫైండర్ సత్తా వెడల్పు లెన్సుల దగ్గర. 28, 35 ఎంఎంలతో ఎస్ఎల్‌ఆర్‌లో ఫోకస్ కుదిరిందో లేదో గుడ్డి వెలుతురులో తెలియదు, ఇందులో ఏ లెన్స్ పెట్టినా ప్యాచ్ ఒకేలా ఉంటుంది. పైగా మధ్యలో అద్దం లేదు కాబట్టి లెన్స్ రీలుకి చాలా దగ్గరగా కూర్చోవచ్చు. లైకా ఎం కెమెరాల్లో లెన్స్ బిగించే పట్టీ నుంచి రీలుకి దూరం 27.8 మిల్లీమీటర్లు, నికాన్ ఎఫ్‌లో 46.5. వెడల్పు లెన్సులు డిజైను చేసేవాళ్లకి అది పెద్ద వెసులుబాటు.

కళ్లజోడు ఉన్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. కిటికీలో ఫ్రేము హద్దు చూపే గీతలుంటాయి; ఎం3లో 50 ఎంఎం గీత హాయిగా కనిపిస్తుంది, 35కి గీతే లేదు. 35 కావాలంటే ఎం2 మంచిది. ఎం6లో 28 గీత చూడాలంటే జోడుతో కన్ను చుట్టూ తిప్పుకోవాలి. కొనే ముందు ఒకసారి కంటికి ఆనించి చూడండి, వెబ్‌సైట్లో ఫొటో చూసి కాదు.

అపోహ: చప్పుడే రాదు

కెనానెట్, యాషికాల లీఫ్ షట్టర్ (లెన్స్‌లోని చిన్న రేకుల షట్టర్) పక్కవాడికి కూడా వినపడదు, నిజమే. లైకా గుడ్డ పరదా షట్టర్ చప్పుడు మెత్తగా ఉంటుంది. సోవియట్ కెమెరా జోర్కి టక్కుమంటుంది. బెస్సా కెమెరా అయితే గుళ్లో నొక్కితే పూజారిగారు తలెత్తి చూస్తారు.

అపోహ: తాతగారి బంగారు లైకా లక్షలు పలుకుతుంది

ఏడాదికి ఒకరిద్దరైనా పాత గుడ్డలో చుట్టి తెస్తారు. బంగారు పూత, హిట్లర్ కాలపు జర్మన్ వైమానిక దళం ముద్ర, ఒక్కోసారి చెక్కపెట్టె. "తాతయ్యకి ఎవరో మిలిటరీ ఆయన ఇచ్చాడటండీ" అంటారు. లెన్స్ విప్పి లోపలి మీట కొస చూస్తాను. అసలు లైకాలో అక్కడ గుండ్రని చిన్న చక్రం ఉంటుంది. ఇలా వచ్చినవాటిలో ఇంతవరకు నేను చూసింది ఏటవాలుగా చెక్కిన లోహపు ముక్క. అంటే అది ఫెడ్, లేదా జోర్కి.

ఫెడ్ 1934 నుంచి ఖార్కివ్‌లో లైకా 2కి నకలుగా తయారైంది. సోవియట్ రహస్య పోలీసు అధిపతి ఫెలిక్స్ ఎద్మందవిచ్ జెర్జిన్‌స్కీ పేరులోని మూడు పొడి అక్షరాలే ఆ పేరు. జోర్కి 1948లో మాస్కో దగ్గరి క్రాస్నగోర్స్క్‌లో మొదలైంది. తరవాత ఎవరో పేరు చెరిపి, కొత్త ముద్ర కొట్టి లైకాగా అమ్మారు. ఈ మాట చెప్పినప్పుడు ఎదుటివాళ్ల మొహం చూడటం నాకు ఇష్టం లేని పని.

అలాగని "రష్యా కెమెరా చెత్త" అనడమూ తప్పే. ఫెడ్ పుట్టిన ఖార్కివ్, కియెవ్ కెమెరాలు తయారైన ఆర్సెనల్ కర్మాగారం రెండూ ఉక్రెయిన్‌లోవే. కియెవ్‌కి రెండు కిటికీల ఎడం 90 మిల్లీమీటర్లు, ఎం3 కంటే ఎక్కువ. జూపిటర్-8 లెన్స్‌తో తీసిన ముఖాలు చూసి ఇది ఏ లెన్స్ అని అడిగినవాళ్లున్నారు. ఒక్కో కెమెరా ఒక్కోలా ఉంటుంది, అదే తంటా. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి: జోర్కి, ఫెడ్‌లలో ముందు లీవరో బుడిపో తిప్పి షట్టర్ ఎక్కించాలి, ఆ తరవాతే స్పీడు మార్చాలి. జోర్కి 4లో ఎక్కించకుండా స్లో స్పీడ్లకు తిప్పితే లోపలి పళ్లు దెబ్బతింటాయి. తెలియక తిప్పినవి నా బల్ల మీద ఇప్పుడే రెండున్నాయి.

అపోహ: పాదరసం సెల్ దొరకదు కాబట్టి కెమెరా పనికిరాదు

కెనానెట్ క్యూఎల్17 జీ3కి కావలసింది 1.35 వోల్టుల పాదరసం సెల్, అది ఇప్పుడు రాదు. మామూలు 1.5 వోల్టుల ఆల్కలైన్ సెల్ వేస్తే వెలుతురు కొలిచే మీటరు తప్పు చూపిస్తుంది. వినికిడి యంత్రాల్లో వేసే 675 సైజు జింక్ సెల్ మెడికల్ షాపులో దొరుకుతుంది, దాదాపు 1.4 వోల్టులు ఇస్తుంది. కాస్త చిన్నది, చుట్టూ రబ్బరు రింగు వేస్తే కదలకుండా కూర్చుంటుంది. స్టిక్కరు పీకిన దగ్గర్నుంచి గాలి తగిలి తరుగుతూ ఉంటుంది కాబట్టి కొన్ని వారాలకో, నెలకో మార్చాలి. అసలు సెల్ లేకపోయినా చేత్తో అన్నీ పెట్టుకుని తీయొచ్చు. మన ఎండకు 400 ఐఎస్ఓ రీలు, ఎఫ్/16 అపెర్చర్, 500 స్పీడు (సెకనులో 500వ వంతు). వేసవి మిట్టమధ్యాహ్నం మీటరు కంటే నా కన్నే నయం.

యాషికా ఎలెక్ట్రో 35 సంగతి వేరు. దాని 5.6 వోల్టుల సెల్ బదులు అడాప్టర్‌తో 6 వోల్టులది వేసినా ఇబ్బంది లేదు. కానీ సెల్ లేకపోతే ఎంత చీకట్లోనైనా అది 500 మీదే కొడుతుంది. కొనేటప్పుడు లీవరు తిప్పి చెవి పెట్టండి. లోపల "టక్" మని ఒక బరువైన చప్పుడు వినాలి. అది వినపడకపోతే లోపలి చిన్న రబ్బరు దిమ్మ పొడైపోయింది, ఎక్స్‌పోజరు నమ్మలేం. అమ్మేవాడు "కండిషన్ సూపర్" అంటాడు. ఆ చప్పుడొక్కటే నిజం చెబుతుంది.

అపోహ: వాడనప్పుడు మూత అక్కర్లేదు, ఫంగస్ పడితే ఎండలో పెడితే పోతుంది

ఎస్ఎల్‌ఆర్‌లో అద్దం పరదాకి అడ్డుగా ఉంటుంది. గుడ్డ పరదా రేంజ్‌ఫైండర్‌లో అడ్డేమీ లేదు. లెన్స్ సూర్యుడి వైపు తిరిగి ఉంటే చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చినట్టే పరదాకి చిల్లు పడుతుంది. తరవాత ప్రతి ఫొటోలో ఒక తెల్ల చుక్క. కాబట్టి నడిచేటప్పుడు మూత పెట్టాలి, తీసేటప్పుడు తీయాలి. రెండో సగం మరిచిపోతే ఏమవుతుందో మొదట్లోనే చెప్పాను.

ఫంగస్ మా కోస్తావాళ్ల శత్రువు. కొంచెమే పట్టినప్పుడు విప్పి తుడిస్తే పోతుంది. గాజు మీది పూతను తినేశాక మచ్చ అలాగే ఉంటుంది, ఎన్ని ఎండల్లో పెట్టినా పోదు, పైగా లోపలి గ్రీజు కరిగి షట్టర్ రేకులకు అంటుకుంటుంది. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడమంటే దానికి అన్నం పెట్టి పెంచడమే. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. జెల్ రంగు మారినప్పుడు వేడిచేసి ఆరబెట్టుకోండి.

అపోహ: కార్టియే-బ్రెసాఁ వాడాడు కాబట్టి వీధి ఫొటోలకు ఇదొక్కటే

ఆ ఫ్రెంచి ఫొటోగ్రాఫరు లైకాతో, ఎక్కువగా 50 ఎంఎం లెన్స్‌తో తీశాడు. 1948 జనవరి 30న గాంధీజీని ఆయన హత్యకు కొద్దిసేపటి ముందు కలిసినవాడు. ఆ రోజులకు చేతిలో ఇమిడే మంచి కెమెరా అదే. ఫ్రేము గీతల బయట జరిగేది కూడా కిటికీలో కనిపించడం, ఎవరో గీతలోకి అడుగు పెట్టబోతుంటే ముందే తెలియడం, ఇది మాత్రం నాకు ఎస్ఎల్‌ఆర్‌లో దొరకలేదు. నచ్చితే ఆ ఒక్క కారణానికి కొనండి.

దగ్గరి ఫొటోలు రావు

ఇది అపోహ కాదు, నిజమే. చాలా రేంజ్‌ఫైండర్ లెన్సులు 70 సెంటీమీటర్లకో మీటరుకో ఆగిపోతాయి. దగ్గరికి వచ్చేకొద్దీ కిటికీకీ లెన్స్‌కీ మధ్య తేడా వల్ల తలలు తెగుతాయి. గీతలు తమంతట తాము జరిగే కెమెరాలున్నాయి, జోర్కి 4లో అసలు గీతలే లేవు. మా మనవరాలి అన్నప్రాసనకి పళ్లెంలో పుస్తకం, కలం, బంగారం పెట్టినప్పుడు ఆ బుల్లి చెయ్యి దేని మీద పడుతుందో దగ్గరగా తీయాలనుకున్నాను. ఆ రోజు నేను పట్టుకెళ్లింది ఎస్ఎల్‌ఆర్.