థాయ్ రుచి టర్కీ బర్గరు: కండలో నీళ్లు, శనక్కాయలో నూనె

టర్కీ కోడి ఖైమాతో ఇంట్లో మొదటిసారి బర్గరు చేసినప్పుడు రెండింట్లో ఒకటి జరుగుతుంది. పెనం మీద తిరగేసేసరికి ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. లేదా చక్కగా నిలబడి, తీరా నోట్లో పెట్టుకుంటే పాలు పిండేసిన కొబ్బరి పిప్పిలా తగులుతుంది. చాలామంది మసాలాను అనుమానిస్తారు. మసాలాకూ దీనికీ సంబంధం లేదు. కండలో ఉన్న నీళ్లు కండలోనే ఉన్నాయా, పెనం మీదికి జారిపోయాయా అన్నదే చూడాలి. పైన వేసే శనక్కాయల సాసు ముద్దకట్టడం కూడా నీళ్ల గొడవే.

నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో అక్కడక్కడా నాటుకోళ్ల మధ్యనే టర్కీ కోళ్లు తిరుగుతూ కనిపిస్తాయి. పుట్టిల్లు మాత్రం ఉత్తర అమెరికా. ఇంగ్లీషువాళ్లు దానికి టర్కీ దేశం పేరు పెడితే, టర్కీ దేశస్థులు దాన్ని 'హిందీ' అంటారు. ఫ్రెంచివాళ్ల మాటకు కూడా 'ఇండియా కోడి' అనే అర్థం. ఎవరికి వాళ్లు పక్క ఊరి మీదికి నెట్టేశారు.

కోడిని కోయించేటప్పుడే సగం పని అయిపోవాలి. "అన్నా, తొడ కండ వేరే, రొమ్ము కండ వేరే తీసియ్యి, కాళ్ల ముక్కలు ఇందులో కలపబాక" అని ముందే చెప్పాలి. ఈ పక్షి ఎగిరేది తక్కువ, నడిచేది ఎక్కువ. అందుకే రొమ్ము కండ తెల్లగా ఉంటుంది, కొవ్వు 1–2 శాతానికి మించదు. రోజంతా పనిచేసే తొడ కండలో ఆక్సిజన్‌ను పట్టి ఉంచే మయోగ్లోబిన్ ఎక్కువ, కాబట్టి ఎర్రగా ఉంటుంది. చర్మం తీసేసినా అందులో 4–5 శాతం కొవ్వు ఉంటుంది. అమెరికాలో బర్గరుకు వాడే గొడ్డు మాంసం ఖైమాలో మామూలుగా 20 శాతం కొవ్వు ఉంటుంది. ఆ లోటు పూడ్చకుండా టర్కీతో అదే పద్ధతిలో చేస్తే పొడిబారక ఏమవుతుంది? మోకాలి కింది ముక్కను వద్దనడానికి వేరే కారణం ఉంది. టర్కీ వయసు పెరిగేకొద్దీ ఆ కాలిలోని నరాల్లాంటి పట్టీలు గట్టిపడి సన్నటి ఎముక పుల్లల్లా తయారవుతాయి. ఖైమాలో పడితే పంటికి తగులుతాయి. ఆ ముక్కలు పులుసుకు బాగుంటాయి.

నాలుగు బర్గర్లకు అరకిలో కండ చాలు: 300 గ్రాముల తొడ, 200 గ్రాముల రొమ్ము. అంగుళం ముక్కలు కోసి, పళ్లెంలో విడివిడిగా పరిచి, ఫ్రీజర్లో అరగంట పెట్టాలి. అంచులు గట్టిపడాలి, నడుమ మెత్తగా ఉండాలి. తర్వాత మిక్సీలో కొంచెం కొంచెంగా వేసి, మీట తిప్పి వదులుతూ ఆరేడు సార్లు తిప్పితే బియ్యపు గింజంత పలుకు వస్తుంది. ఆపకుండా తిప్పితే బ్లేడు వేడికి కొవ్వు కరిగి గిన్నెకు పూసుకుంటుంది, కండ జిగట ముద్దవుతుంది. అలాంటి ముద్దను కాలిస్తే రబ్బరు వస్తుంది. కోడి కొవ్వు మటన్ కొవ్వులా గట్టిది కాదు, గది వేడికే మెత్తబడుతుంది. రోహిణి కార్తెలో నెల్లూరు వంటింట్లో ఈ పని చేసేవాళ్లు కలిపే గిన్నె కింద ఐసు నీళ్ల గిన్నె పెట్టుకోవాలి.

ఉప్పు ఎంత, ఎప్పుడు అన్నది ఇక్కడ రుచి కోసం మాత్రమే కాదు. కండలో మయోసిన్ అనే ప్రోటీన్ ఉంది. ఉప్పు తగిలితే అది కొంత కరిగి బయటికి వచ్చి, పలుకుల చుట్టూ జిగురులా పట్టుకుంటుంది. కాల్చినప్పుడు ఆ జిగురు వలలా గట్టిపడి నీళ్లను లోపల ఆపుతుంది. కాబట్టి ఉప్పును మొదటే, చల్లటి కండలో కలపాలి. అరకిలోకు 6 గ్రాములు, అంటే పొడి ఉప్పు తలకొట్టి ఒక టీ చెంచా. వేళ్లతో ఒక నిమిషం కలిపితే ఖైమా అరచేతికి అంటుకోవడం మొదలవుతుంది. అక్కడ ఆపాలి. ఇంకా పిసికితే సాసేజిలా బిగుసుకుంటుంది. ఉప్పును ఆఖర్న పైపైన చల్లితే ఆ జిగురు పట్టక బర్గరు పెనం మీద విడిపోతుంది.

కొవ్వు లోటుకు మందు బ్రెడ్డు, కొబ్బరిపాలు. అంచులు తీసిన రెండు బ్రెడ్డు ముక్కల్ని నాలుగు పెద్ద చెంచాల చిక్కటి కొబ్బరిపాలలో నానబెట్టి మెత్తగా చిదమాలి. బ్రెడ్డులోని పిండి పదార్థం ఆ పాలను పీల్చుకుని, కండ బిగుసుకునేటప్పుడు కారే నీళ్లనూ పట్టుకుంటుంది. పలుకుకూ పలుకుకూ మధ్య అడ్డుగా కూడా ఉంటుంది.

ఇక థాయ్ సరుకులు. వాటికోసం చెన్నై దాకా పోనక్కర్లేదు. థాయ్ వంటలో ఉప్పదనం ఇచ్చేది నాం ప్లా అనే చేప రసం. అది సముద్రపు నెత్తళ్లను ఉప్పులో ఏడాది పైగా ఊరబెట్టి తీసిన ద్రవం. మైపాడు, కొత్తపట్నం తీరాన ఇసుక మీద ఎండేవి ఆ జాతి చేపలే. పది ఎండు నెత్తళ్లు తలలు తీసి, కడిగి ఆరబెట్టి, సన్న సెగ మీద కరకరలాడేలా వేయించి పొడి కొట్టాలి. అందులో ఒక టీ చెంచా ఖైమాకు సరిపోతుంది. 1908లో జపాన్ రసాయన శాస్త్రజ్ఞుడు కికునే ఇకెడా సముద్రపు నాచు నుంచి కమ్మదనం ఇచ్చే గ్లుటమేట్ అనే పదార్థాన్ని వేరు చేసి, ఆ కమ్మదనానికి ఉమామి అని పేరు పెట్టాడు. ఎండు చేపల్లో ఉండే ఇనోసినేట్ అనే ఇంకో పదార్థం దానికి తోడైతే నాలుకకు ఆ రుచి ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఈ పొడి ఊరబెట్టిన రసం కాదు కాబట్టి ఆ ఘాటు వాసన రాదు. కొందరికి అదే నయం.

థాయ్ పామ్ షుగర్ అని సీసాల్లో ఖరీదుగా అమ్మేది కొంత కొబ్బరి చెట్టుది, కొంత తాటి చెట్టుది. మన తాటి బెల్లం చక్కగా సరిపోతుంది. గలంగల్ అంటే మూలికల అంగడిలో ఎండు కొమ్ములుగా దొరికే దుంపరాష్ట్రం. ఎండినది ఘాటు గనక చిటికెడు పొడి చాలు, లేకపోతే అల్లమే వేయొచ్చు. థాయ్ తులసి కావాలంటే ఎండాకాలం షర్బత్తులో వేసే సబ్జా గింజల్ని కుండీలో చల్లాలి. రెండూ ఒకే జాతి మొక్క. వాసనలో సోంపు ఛాయ కొంచెం తగ్గుతుంది, అంతే. పూజ తులసి వేరు, దాన్ని ఇందులోకి తేవద్దు. థాయ్ నిమ్మాకు బదులు పొదలకూరు తోటల నిమ్మకాయ పైతొక్క, పచ్చ భాగం మాత్రమే, తురిమి వేయాలి. లోపలి తెల్ల పొర చేదు.

నిమ్మరసం మాత్రం ఖైమాలో పిండకూడదు. పులుపు తగిలితే ప్రోటీన్లు కాల్చకముందే బిగుసుకుని, జిగురు పట్టు పోయి, ఇసుకలా రాలతాయి. పచ్చి అల్లంతోనూ జాగ్రత్త. అందులో జింజిబైన్ అనే ఎంజైము ఉంది. అది ప్రోటీన్లను కొరుకుతుంది. రెండు గంటల లోపల కాల్చేస్తే ఇబ్బంది లేదు. రాత్రి కలిపి పొద్దునకు ఉంచితే ఖైమా పేస్టులా చెడుతుంది. ముందురోజే కలుపుకోవాలంటే అల్లం తురుమును ఒక నిమిషం నూనెలో వేయించి చల్లార్చి వేయాలి. వేడికి ఆ ఎంజైము పనిచేయడం మానేస్తుంది.

ఇప్పుడు ఉప్పు కలిపిన కండలో నానిన బ్రెడ్డు, నెత్తళ్ల పొడి, 10 గ్రాముల అల్లం తురుము, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు, రెండు పచ్చిమిరపకాయలు, నిమ్మగడ్డి కాడ కింది తెల్లటి భాగం సన్నగా తరిగినది, కొత్తిమీర వేళ్లతో సహా పిడికెడు, తాటి బెల్లం ఒక టీ చెంచా, ఒక నిమ్మకాయ తొక్క తురుము కలపాలి. థాయ్ వంటవాళ్లు కొత్తిమీర ఆకు కన్నా వేరునే ఎక్కువ లెక్కచేస్తారు. మనం బజారులోనే తుంచి పారేసేది దాన్నే. ఆకు, వేరు కడిగాక గుడ్డతో పూర్తిగా తడి ఒత్తాలి. ఎర్రగడ్డ తరుగు వేస్తే ఉప్పు చల్లి పది నిమిషాలాగి పిండి వేయాలి, లేకపోతే దాని నీళ్లకే ముద్ద జారుతుంది.

నాలుగు భాగాలు చేస్తే ఒక్కోటి 160 గ్రాముల దాకా వస్తుంది. రెండు సెంటీమీటర్లకు కాస్త తక్కువ మందంగా, బన్నుకన్నా అర అంగుళం వెడల్పుగా తట్టి, నడుమ బొటనవేలితో గుంట నొక్కాలి. 60 డిగ్రీలు దాటాక కండలోని కొలాజెన్ అనే ప్రోటీన్ పొర ముడుచుకుని అంచుల్ని లోపలికి లాగుతుంది, నడుమ బంతిలా ఉబ్బుతుంది. గుంట ఉంటే అది నిండి సమం అవుతుంది. గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచితే ముద్ద బిగిసి, తిరగేసేటప్పుడు విరగదు.

కాల్చడానికి ఇనప దోసె పెనం మంచిది. నీటి చుక్క పడగానే చుయ్‌మని ఇగిరిపోవాలి. చుక్క పూసలా పరుగెత్తితే పెనం మరీ కాగినట్టు, మంట తగ్గించి నిమిషం ఆగాలి. పైభాగం ఎర్రబారి కాల్చిన వాసన రావాలంటే అక్కడ 140 డిగ్రీలు దాటాలి. నీళ్లున్నంతసేపూ పైతడి 100 దగ్గరే ఆగిపోతుంది. అందుకే పెనం మీద పెట్టేముందు పైతడి అద్ది, నూనె రాయాలి. ఒకేసారి నాలుగూ ఇరికించకూడదు. ఆవిరికి దారి లేక ఉడికిపోతాయి, తెల్లగా పాలిపోతాయి. ఒకవైపు ఐదు నిమిషాలు కదపకుండా ఉంచి, తిరగేసి, మూత పెట్టి, మంట తగ్గించి నాలుగైదు నిమిషాలు. అట్లకాడతో నొక్కితే వచ్చే చుయ్ శబ్దం చెవికి బాగుంటుంది గానీ, అక్కడ ఇగిరేది ఇంతసేపూ కాపాడిన నీళ్లే.

మయోసిన్ 50 డిగ్రీల దగ్గరే గట్టిపడుతుంది. ఆక్టిన్ అనే ఇంకో ప్రోటీన్ 65 దాటాక ముడుచుకుంటూ గుడ్డను పిండినట్టు నీళ్లను బయటికి తోస్తుంది. అయినా కోడిజాతి ఖైమాను నడుమ 74 డిగ్రీలు వచ్చేదాకా కాల్చాల్సిందే. ముక్కగా ఉన్నప్పుడు సాల్మొనెల్లా వంటి క్రిములు ఎక్కువగా పైనే ఉంటాయి. ఖైమా కొట్టినప్పుడు పైది లోపలికి పోతుంది. రంగు చూసి తేల్చడం కుదరదు. టర్కీ కండ ఒక్కోసారి పూర్తిగా ఉడికినా గులాబీగా ఉంటుంది, ఒక్కోసారి ఉడక్కముందే తెల్లబడుతుంది. గుచ్చి చూసే చిన్న థర్మామీటరును పక్కనుంచి నడుమకు గుచ్చాలి. 74 చూపగానే దించాలి. 85 దాకా వదిలేస్తే బ్రెడ్డు, కొబ్బరిపాలు కూడా కాపాడలేవు.

సాసులో వేసే శనక్కాయకూ టర్కీ కోడికీ విజ్ఞాన చరిత్రలో ఒక విషాద సంబంధం ఉంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ పిల్లలు వరసగా చచ్చిపోయాయి. జబ్బేమిటో తెలియక 'టర్కీ ఎక్స్' అన్నారు. వెతుకుతూ పోతే, వాటి మేతలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ చెక్కలో ఆస్పర్‌జిల్లస్ ఫ్లావస్ అనే బూజు, అది తయారుచేసిన విషం బయటపడ్డాయి. ఆ బూజు పేరు నుంచే దానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. మనుషుల్లో కాలేయ క్యాన్సరు తెచ్చే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మొదటి వర్గంలో చేర్చింది. ఆ విషాన్ని విరిచే శక్తి టర్కీ కాలేయానికి చాలా తక్కువ, అందుకే ముందుగా రాలిపోయింది అది.

ఇది మన ఇంటికి దూరపు కథేం కాదు. నెల్లూరు జిల్లాకు వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. అప్పుడు మూటల్లో ఉన్న గింజల తేమ 7 శాతం దాటితే బూజుకు దారి దొరుకుతుంది. వేయిస్తే ఈ విషం కొంత తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు. కాబట్టి వేయించకముందే చేటలో పోసి ముడతలు పడ్డవి, రంగు మారినవి, పగిలినవి, బూజు వాసన వచ్చేవి ఏరేయాలి. నమిలినప్పుడు చేదుగా తగిలిన గింజను ఉమ్మేయాలి. ఏరేసినవి కోళ్లకు వేయడం మన అలవాటు. టర్కీ కోళ్లున్న ఇంట్లో ఆ పని అసలే కూడదు. తినేవాళ్లలో శనక్కాయ పడనివాళ్లున్నారేమో ముందే అడగాలి, వేయించినంత మాత్రాన ఆ ఎలర్జీ పోదు.

100 గ్రాముల గింజల్ని సన్న సెగ మీద పది పన్నెండు నిమిషాలు వేయించి, పొట్టు చెరిగి, చల్లారాక మిక్సీ పట్టాలి. గింజలో దాదాపు సగం నూనే. మొదట పొడి, తర్వాత ముద్ద, ఇంకా తిప్పితే నూనె వదిలి జారుగా అవుతుంది. ఈ జారులో ఒక చెంచా నీళ్లు పోసి చూడండి. పలచబడాల్సింది పోయి సిమెంటులా బిగుసుకుంటుంది. నూనెలో తేలుతున్న ప్రోటీను, పిండి రేణువులు ఆ కొద్ది నీళ్లను పీల్చుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి. భయపడి నూనె పోస్తే ఇంకా చెడుతుంది. వేడినీళ్లు చెంచా చెంచాగా పోస్తూ కలుపుతూ పోతే, ఒక దగ్గర ఉన్నట్టుండి నున్నగా, మీగడలా మారుతుంది. అప్పటిదాకా నూనెలో నీళ్లు, ఇప్పుడు నీళ్లలో నూనె. దోసెకు శనక్కాయల చట్నీ రుబ్బేవాళ్లు రోజూ చేసేది ఇదే.

200 మిల్లీలీటర్ల చిక్కటి కొబ్బరిపాలలో సగాన్ని నూనె తేలేదాకా కాచాలి. నానబెట్టిన ఐదు ఎండుమిరపకాయలు, మూడు తెల్లగడ్డ రెబ్బలు, నిమ్మగడ్డి ముక్క నూరిన ముద్దను అందులో పచ్చివాసన పోయేదాకా వేయించాలి. మిరప రంగు, వాసన నూనెలోనే దిగుతాయి, నీళ్లలో కాదు. మిగతా పాలు, శనక్కాయ ముద్ద, రెండు పెద్ద చెంచాల చింతపండు గుజ్జు, 25 గ్రాముల తాటి బెల్లం, అర టీ చెంచా ఉప్పు వేసి ఐదు నిమిషాలు సన్న సెగ. అడుగంటుతుంది, వదిలి వెళ్లొద్దు. దించాక నిమ్మరసం. చల్లారేకొద్దీ చిక్కబడుతుంది కనుక పొయ్యి మీద కాస్త పలచగానే ఉండాలి.

బేకరీ బన్నును కోసి, కోసిన వైపు నూనె రాసి పెనం మీద ఎర్రగా కాల్చాలి. ఆ కరకర పొర లేకపోతే సాసు ఐదు నిమిషాల్లో బన్నును నానబెట్టేస్తుంది. థాయ్‌లాండులో సాటే (పుల్లకు గుచ్చి కాల్చిన మాంసం) పక్కన పెట్టే ఆజాత్ అనే ఊరగాయ దీనికి బాగా నప్పుతుంది: కీర దోసకాయ, ఎర్రగడ్డ చీలికల మీద మూడు చెంచాల వెనిగరు, రెండు చెంచాల పంచదార, చిటికెడు ఉప్పు కరిగించి పోసి, పావుగంటాగి పిండి పెట్టాలి. సబ్జా ఆకులు నాలుగు పైన.

సాసు మిగిలితే ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులుంటుంది. తీసినప్పుడు గడ్డగా ఉంటే పారేయకండి, పొయ్యి మీద వేడినీళ్లు ఒక్కో చెంచా పోస్తూ కలపండి. పొద్దున కారం దోసె పక్కన వడ్డిస్తే బర్గరు సంగతి ఎవరూ అడగరు.