వెన్నుపాము మీద విద్యుత్తు: ఎలుకకు సరిపోయింది, మనిషికి ఎందుకు సరిపోలేదు?

వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడినవారికి అమర్చే ఇంప్లాంటు గురించి వార్త వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న: "కరెంటు పెట్టి కండరాన్ని లాగిస్తారా?" లాగించరు. వీపు కింది భాగంలోని టి11, టి12 వెన్నుపూసల దగ్గర ఎముకను కొద్దిగా తొలగించి, 16 ఎలక్ట్రోడ్ల పట్టీని వెన్నుపామును కప్పి ఉండే డ్యూరా అనే పొర మీద పరుస్తారు. లోపలికి గుచ్చరు. వెన్నెముక కంటే వెన్నుపాము పొట్టి కాబట్టి కాళ్లను నడిపే నాడీకణాలు నడుము కింద కాక అంత పైన ఉంటాయి. తీగ చర్మం కిందుగా వెళ్లి, పొట్ట దగ్గర అమర్చిన పల్స్ జనరేటరుకు కలుస్తుంది. ఒక్కో పల్సు కొన్ని మిల్లీఆంపియర్లు, కొన్ని వందల మైక్రోసెకన్లు.

ఆ కరెంటుకు ముందుగా స్పందించేవి వీపు వైపు నుంచి వెన్నుపాములోకి వచ్చే లావుపాటి జ్ఞాననాడీ పోగులు. కండరం ఎంత సాగిందో చెప్పేవి అవే. వాటి ద్వారా లోపలి నాడీవలయాలు చురుకవుతాయి. అప్పుడు గాయం దాటి మెదడు నుంచి చేరే బలహీన సంకేతం కూడా పనికొస్తుంది. వెన్నుపామును ఉత్త తీగగా బొమ్మ గీసి వదిలేసే పాఠాల వల్ల, అక్కడ ఇంత పని జరుగుతుందని చాలామందికి తెలియదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కరెంటు పోగు మీద పుట్టించిన ప్రచోదనం, అంటే నాడీ సంకేతం, రెండు దిక్కులా పరుగెడుతుంది: ఒకటి వెన్నుపాములోకి, ఇంకొకటి వెనక్కి, కాలి వైపుకి. అదే పోగులో కాలి నుంచి సహజ సంకేతం పైకి వస్తుంటుంది. సింగిల్ లైను మీద ఎదురెదురుగా బయలుదేరిన రైళ్ల పరిస్థితి ఇది, తప్పుకోవడానికి లూపు లైను లేదు. ప్రచోదనం దాటిన చోట పొర కాసేపు మళ్లీ స్పందించదు కాబట్టి, ఎదురుపడిన రెండూ అక్కడే ఆరిపోతాయి.

లెక్క చూడండి. కాలి నుంచి దూరం సుమారు 90 సెంటీమీటర్లు, వేగం సెకనుకు 55 మీటర్లు అనుకుంటే ప్రయాణానికి 16 మిల్లీసెకన్లు. సంకేతం బయలుదేరడానికి 16 మిల్లీసెకన్ల ముందు నుంచి అది పైకి చేరేదాకా, అంటే మొత్తం 32 మిల్లీసెకన్ల ప్రమాదకాలంలో ఒక్క పల్సు పడినా ఆ సంకేతం పోయినట్టే. 40 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 40 పల్సులు ఇస్తే, వాటి మధ్య ఎడం 25 మిల్లీసెకన్లు. ఒక్క సంకేతమూ మిగలదు. 20 హెర్ట్జ్ దగ్గర సుమారు మూడింట ఒక వంతు మిగులుతుంది. ఎలుకలో ప్రయాణం సుమారు 2 మిల్లీసెకన్లే, ప్రమాదకాలం 4. అదే 40 హెర్ట్జ్ దగ్గర నూటికి 84 సంకేతాలు క్షేమంగా చేరతాయి. ఎలుకల్లో అంత బాగా పనిచేసిన నిరంతర ప్రేరణ (ఆపకుండా పల్సులు ఇస్తూ పోవడం) మనిషిలో తడబడింది ఇందుకే. కరెంటు పెంచితే మరిన్ని పోగులు ఇందులో చిక్కుకుంటాయి. 2018లో స్విట్జర్లాండు బృందం దీన్ని మనుషుల్లోనే చూపించింది: ప్రేరణ గట్టిగా ఉన్నప్పుడు తమ కాలు ఎటు కదులుతోందో ఇంప్లాంటు ఉన్నవారు చెప్పలేకపోయారు.

విరుగుడు అద్భుతంగా ఉంది: అవసరమైన చోట, అవసరమైన క్షణంలో మాత్రమే పల్సులు ఇవ్వడం. కాలు ఎత్తేటప్పుడు తుంటిని వంచే ఎల్1, ఎల్2 నాడీమూలాల (వెన్నుపాములోకి నరాలు చేరే చోట్ల) మీద, పాదం నేలను తన్నేటప్పుడు ఇంకా కిందనున్న ఎస్1 మూలం మీద. ఈ పద్ధతిలో స్విట్జర్లాండు బృందం దగ్గరి రోగులు వారం లోపే నేల మీద నడుస్తూ కండరాలను అదుపు చేయగలిగారు. నిరంతర ప్రేరణ వాడిన అమెరికాలోని లూయీవిల్ అధ్యయనంలో ఒకరు నడవడానికి 85 వారాల్లో 278 సార్లు శిక్షణ పట్టింది. అయితే అక్కడివారి గాయాలు మరింత తీవ్రమైనవి. రెండింటినీ నేరుగా పోల్చకూడదు.

పొరపాట్లు ఎక్కడ వస్తాయంటే, వెల్లకిలా పడుకున్నప్పుడు వెన్నుపాము ఎలక్ట్రోడ్ల దగ్గరికి జరుగుతుంది, రెంటి మధ్య ఉండే మస్తిష్కమేరుద్రవం (వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం) పొర పలచబడుతుంది, అవే మిల్లీఆంపియర్లు ఎక్కువైపోతాయి. అందుకే పడుకున్నప్పటికీ నిలబడినప్పటికీ వేర్వేరు సెట్టింగులు ఉండాలి. పట్టీ కొద్దిగా జరిగినా సెట్టింగులన్నీ మళ్లీ మొదటి నుంచి. ఇన్‌ఫెక్షన్ వస్తే పరికరాన్ని తీసేయాల్సి రావచ్చు. ఏళ్ల తరబడి బరువు మోయని ఎముకలు గుల్లబారి ఉంటాయి. లూయీవిల్‌లో ఒకరికి శిక్షణ తొలి వారంలోనే తుంటి ఎముక విరిగింది. నిలబెట్టే ముందు ఎముక సాంద్రత పరీక్ష తప్పనిసరి.

కరెంటు తగిలితే చచ్చిన నరం లేస్తుందన్న నమ్మకం మీద బెల్టులు అమ్మేవారున్నారు. తెగిన నరాన్ని ఏ పల్సూ అతికించదు. చర్మం మీద నుంచి ఇచ్చే ప్రేరణకు మాత్రం నిజమైన ఆధారం ఉంది. 2024 డిసెంబరులో అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ అటువంటి పరికరం ఒకదానికి అనుమతి ఇచ్చింది. మెడ దగ్గర వెన్నుపాము పూర్తిగా దెబ్బతినని వారికి, చేతుల బలం, స్పర్శ మెరుగుపడటానికే ఆ అనుమతి. నడకకు కాదు.