ఫ్లూ టీకా తగవు: గుడ్డులో కాదు, విత్తనంలో

చలి మొదలవుతూనే అనంతపురంలో ఫ్లూ టీకా మీద పాత వాదన మళ్లీ లేచింది. టీకాలో కోడిగుడ్డు ఉంటుందని కొన్ని శాకాహార కుటుంబాలు వెనకాడుతుంటే, గుడ్డు లేని టీకాను కుక్క మూత్రపిండంతో తయారు చేస్తారన్న సందేశం ఫోన్లలో తిరుగుతోంది. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది గానీ అసలు తగవు ఆ రెండింటిలోనూ లేదు.

గుడ్డు సంగతి అందరికీ తెలిసిందే: టీకాకు కావలసిన వైరస్‌ను కోడిగుడ్డులో పెంచుతారు. ఇక కుక్క విషయానికొస్తే, 1958లో మాడిన్, డార్బీ అనే శాస్త్రవేత్తలు ఒక కాకర్ స్పానియల్ మూత్రపిండం నుంచి తీసిన కణాల సంతతే నేటికీ ప్రయోగశాలల్లో పెరుగుతోంది. టీకా కోసం ఇప్పుడు ఏ కుక్కనూ కోయరు. ఆ కణాల్లో పెంచిన వైరస్‌ను వేరుచేసి, చంపి, శుద్ధి చేశాకే టీకాగా వాడతారు. పిచ్చికుక్క కాటుకు గొర్రె మెదడుతో చేసిన మందును బొడ్డు చుట్టూ పొడిపించుకున్న తరం మన మధ్యే ఉంది. దాని పుట్టుపూర్వోత్తరాలు అప్పట్లో ఎవరూ అడిగినట్టు లేదు.

మలుపు 2016లో వచ్చింది. ఆ కణాల్లో తయారైన ఫ్లూసెల్‌వాక్స్ అనే ఫ్లూ టీకాకు అమెరికా 2012 నవంబరులోనే అనుమతి ఇచ్చినా, తయారీదారులకు అప్పట్లో అందే మూల వైరస్, అంటే విత్తనం, మాత్రం గుడ్డులో వేరుచేసినదే. మడి మారింది, విత్తనం మారలేదు. కణాల్లోనే వేరుచేసిన విత్తనానికి 2016 ఆగస్టులో అనుమతి లభించగా, 2017-18 సీజన్‌లో టీకాలోని హెచ్3ఎన్2 (ఫ్లూ వైరస్‌లో ఒక రకం) భాగానికి దాన్ని తొలిసారి వాడారు.

విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలుస్తుందా అంటారు. ఫ్లూ వైరస్‌లో అలాగే మొలుస్తుంది. మనిషి శ్వాసనాళపు కణాల మీద వైరస్ పట్టుకునే చక్కెర అణువుల అమరిక ఒక తీరు, గుడ్డులో మరొక తీరు కావడంతో, గుడ్డులో పెరిగే వైరస్ అక్కడ అతుక్కోవడానికి తన పైపొర మాంసకృత్తును మార్చుకుంటుంది. 2014 నుంచి వ్యాపించిన హెచ్3ఎన్2 రకాల పైపొర మీద కొత్తగా చేరిన ఒక చక్కెర గొలుసు, గుడ్డులో పెంచిన టీకా వైరస్‌లో లేకుండా పోయిందని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో చూపించారు. అంటే, ఊరిలో తిరిగే వైరస్ ఒకటైతే, శరీరానికి మనం చూపిస్తున్న నమూనా మరొకటి.

మనకూ ఇందులో చరిత్ర ఉంది. స్వైన్ ఫ్లూ కోసం హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ 2010లో తెచ్చిన హెచ్ఎన్‌వ్యాక్ ఆ కుక్క కణాల్లో పెంచినదే. అయితే మహమ్మారి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే ఏడాది ఆగస్టు 10న ప్రకటించడంతో ఆనాటి తొందర చల్లారింది. మన దేశంలో దొరికే ఫ్లూ టీకాల్లో ఎక్కువ భాగం నేటికీ గుడ్డువే.

గుడ్డు పద్ధతి చవక అనీ, దశాబ్దాల అనుభవం దాని వెనుక ఉందనీ దాన్ని సమర్థించేవారు చెబుతారు. 2017-18లో అమెరికాలో 65 ఏళ్లు దాటిన కోటి మందికి పైగా వృద్ధుల వివరాలను పరిశీలించినప్పుడు, ఫ్లూతో ఆసుపత్రి పాలు కాకుండా కాపాడటంలో కణాల టీకా గుడ్డు టీకా కన్నా సుమారు 10 శాతం మెరుగ్గా కనిపించింది. ఆ తేడా తర్వాతి సీజన్లలో ప్రతిసారీ అంతగా నిలవలేదన్నది వారి వాదన. నిజమే, కాకపోతే అది కనిపించిన ఏడాది హెచ్3ఎన్2 విజృంభించిన ఏడాది.