రెండు మీటల కథ

చిన్న సొంత విమానం చక్రాలు ముడుచుకుని రన్‌వే మీద పొట్ట ఆనించి ఆగితే, లోపలివాళ్లు చాలాసార్లు తమంతట తామే నడిచి బయటికొస్తారు. ప్రొపెల్లర్ మాత్రం వంకరపోతుంది. అది నేలను కొట్టింది కాబట్టి ఇంజిన్ మొత్తం విప్పి చూడాలి. విచారణ ఎక్కువగా రెండు ముక్కల్లో తేలిపోతుంది: పైలట్ తప్పిదం.

ఆ రెండు ముక్కలు సరిపోవని రెండో ప్రపంచ యుద్ధంలోనే తెలిసింది. అమెరికా బి-17 బాంబర్లు క్షేమంగా దిగేవి, రన్‌వే మీద పరుగు ఆగకముందే చక్రాలు ముడుచుకుని కూలబడేవి. పైలట్లు ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్కల వెనక కిందికి వంచే పలకలు) మూయబోయి చక్రాలు ఎత్తేస్తున్నారు. 1943 ప్రాంతంలో అమెరికా సైనిక విమాన కేంద్రం రైట్ ఫీల్డ్‌లో పనిచేస్తున్న యువ మనస్తత్వ శాస్త్రవేత్త అల్ఫాన్స్ చపానిస్ కాక్‌పిట్‌లో చూస్తే, ఆ రెండింటి మీటలూ పక్కపక్కనే, అచ్చం ఒకేలా ఉన్నాయి. సి-47 రవాణా విమానాల్లో అలా లేవు, అక్కడ ఈ బెడదా లేదు. చపానిస్ చేసిన వైద్యం పిల్లల బొమ్మలా ఉంటుంది: చక్రాల మీటకి చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్ మీటకి రెక్కలాంటి ముక్క. చూడక్కర్లేదు, తడిమితే చాలు. ఆ ఆకారాలే తర్వాత విమాన నిర్మాణ నిబంధనల్లోకి ఎక్కాయి.

1947లో మనస్తత్వ శాస్త్రవేత్తలు పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ 460 'పైలట్ తప్పుల'ను పరిశీలించి, చాలావాటికి మూలం మీటల అమరికలోనే ఉందని తేల్చారు. విచిత్రం, బీచ్ సంస్థ తయారుచేసిన బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా అమ్మకానికి వచ్చిందీ ఆ ఏడాదే. ముడుచుకునే చక్రాలతో వేగంగా పోయే సొంత విమానం అది. ఇతర విమానాల్లో చక్రాల స్విచ్ ఎడమన, ఫ్లాప్స్‌ది కుడిన ఉండటం వాడుకైతే, బొనాంజాల్లో ఏళ్ల తరబడి అది తారుమారుగా ఉండిపోయింది. వేరే విమానంలో నేర్చుకున్న చెయ్యి ఎటు పోతుంది? దిగాక చక్రాలు ఎత్తేసిన ప్రమాదాల్లో బొనాంజా, అదే సంస్థ రెండింజిన్ల విమానం బారన్‌ల వాటా వాటి సంఖ్యకు మించి ఉందని 1980లో అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ ప్రత్యేక నివేదిక ఇచ్చింది. 1984 మోడల్‌తో గానీ బీచ్ అమరిక మార్చలేదు.

నేల మీద ఉన్నప్పుడు చక్రాలు ముడుచుకోకుండా ఆపే స్విచ్ ఉంటుంది కదా అనొచ్చు. ఉంటుంది. కానీ అది చక్రాల మీద పడే బరువుని బట్టి పనిచేస్తుంది. దిగిన తొలి క్షణాల్లో రెక్కలు ఇంకా విమానాన్ని సగం మోస్తూనే ఉంటాయి. అప్పుడే చెయ్యి పొరబడితే స్విచ్ కాపాడదు.

సిర్రస్ లాంటి సంస్థలు ఈ తలనొప్పే వద్దని స్థిర చక్రాలతోనే వేగమైన విమానాలు చేశాయి. పాత బొనాంజాలు మాత్రం ఇంకా ఎగురుతున్నాయి, చాలావాటిలో స్విచ్‌లు మొదట అమర్చిన చోటే ఉన్నాయి. అందుకే వాటి మీద నేర్పే శిక్షకులు చాలామంది, రన్‌వే దాటి పక్కకొచ్చి ఆగేదాకా ఏ మీటా ముట్టుకోవద్దంటారు.