చెక్ ట్రేలో మిగిలిన మేత

అల్లవరం వైపు మా బావగారికి రొయ్యల చెరువు ఉంది. మేత చల్లిన గంటన్నరకి చెక్ ట్రే పైకి లాగి చూస్తారు. పళ్లెంలాంటి దాంట్లో గుప్పెడు మేత వేసి నీళ్లలోకి దింపుతారన్నమాట. ఖాళీ అయితే తర్వాతి పూట కాస్త పెంచుతారు, మిగిలితే తగ్గిస్తారు. రొయ్యల్ని నోరు తెరిచి అడగలేం కదా.

మొన్న గట్టు మీద కూర్చుని ఫోన్ తీశారు. వరసపెట్టి కోడిపందేలే.

"ఒక్కదానికీ లైక్ కొట్టలేదోయ్. ఇవే ఎందుకొస్తున్నాయి?"

"ఇందాక మీరు ట్రే లాగారు చూడండి బావగారూ, ఇదీ అంతే" అన్నాను. చెరువులో చల్లేదీ ఫీడే, ఫోన్‌లో వచ్చేదీ ఫీడే. పేరు కలవడం కాకతాళీయం కావచ్చు, పద్ధతి మాత్రం నిజంగానే కలుస్తుంది.

ఎవరికేది నచ్చుతుందో మనుషుల్నే అడిగి తెలుసుకోవచ్చని మొదట్లో ఈ వీడియోల కంపెనీలు అనుకున్నాయి. ఎవరు ఏ సినిమాకి ఎన్ని నక్షత్రాలిస్తారో తనకన్నా 10 శాతం మెరుగ్గా ఊహించినవాళ్లకి 10 లక్షల డాలర్లిస్తానని నెట్‌ఫ్లిక్స్ 2006లో ప్రకటించింది. 2009లో ఒక బృందం గెలిచింది కూడా. తీరా 2017లో నెట్‌ఫ్లిక్స్ ఆ నక్షత్రాలనే తీసేసింది. మనం మెచ్చుకునేదొకటి, రాత్రి పదింటికి చూసేదొకటి! యూట్యూబ్ 2012లోనే క్లిక్కుల కంటే ఎంతసేపు చూశారన్నదానికి ఎక్కువ విలువివ్వడం మొదలుపెట్టింది. వీడియో పైన పెట్టిన బొమ్మ చూసి మోసపోయి నొక్కినవాడు వెంటనే బయటికొచ్చేస్తాడు కాబట్టి.

లోపల జరిగేది ఇది. యంత్రానికి కోడి అంటే ఏమిటో తెలియక్కర్లేదు. ప్రతి వీడియోకీ ఒక అంకెల పట్టిక ఉంటుంది, చూసే ప్రతి మనిషికీ ఒకటి. ఆ రెండూ కలిపి చూసి "ఈయన దీన్ని 20 సెకన్లు చూస్తారు" అని అంచనా వేస్తుందనుకుందాం. మూడో సెకనుకే మీరు పైకి తోసేశారు. అంచనా ఎంత తప్పిందో చూసుకుని, ఆ అంకెల్ని రవ్వంత అటూ ఇటూ జరుపుతుంది. కోట్ల మంది చూపులతో ఇలా జరుపుతూ పోతే, ఒకేలా చూసేవాళ్ల అంకెలు దగ్గరికి చేరతాయి. రొయ్యల రేట్లు చూసేవాళ్లలో చాలామంది పందేలు కూడా చూస్తుంటే, మీరు ఒక్క పందెం చూడకముందే ఒకటి తెచ్చి మీ ముందు పెడుతుంది.

కొత్త ఖాతా అయితే ఈ లెక్కేదీ ఉండదు. సీడ్ వదిలిన కొత్తలో రొయ్యపిల్లలు ట్రే దగ్గరికి సరిగా రావు, చార్టు చూసి మేత వేస్తారు. దాన్ని బ్లైండ్ ఫీడింగ్ అంటారు. కొత్త ఖాతాకీ అంతే, భాషా, ప్రాంతమూ చూసి అందరూ చూసేవే వడ్డిస్తారు.

చిక్కంతా ట్రేని చదవడంలో ఉంది. ఖాళీ అయిందంటే రొయ్యలే తిన్నాయని కాదు, పీతలు తినొచ్చు. మనవడి చేతికి ఫోన్ ఇచ్చినట్టు. మిగిలిందంటే రుచించలేదనీ కాదు. మబ్బు పట్టి నీళ్లలో ఆక్సిజన్ తగ్గి ఉండొచ్చు, రొయ్యలు పెంకు విడుస్తూ ఉండొచ్చు. అందుకే రైతు ట్రేతో పాటు ఆకాశమూ చూస్తాడు. యంత్రం కూడా ఏ వేళ చూశారు, ఏ ఫోన్‌లో చూశారు లాంటివి లెక్కేస్తుంది గానీ, ఎందుకు చూశారన్నది దానికి అందదు.

గుచ్చి గుచ్చి అడిగితే బావగారు అసలు సంగతి చెప్పారు. "సంక్రాంతికి మావాడు బరి దగ్గర కనపడ్డాడని ఎవరో అన్నారు. జనంలో ఉన్నాడేమోనని ఆ వీడియో నాలుగుసార్లు తిప్పి చూశాను."

యంత్రం లెక్కలో అది నాలుగుసార్లు ఖాళీ అయిన ట్రే.

నాకు ఇంకా ఇబ్బందిగా తోచేది మరొకటుంది. వేసిన మేత సంగతే ట్రే చెబుతుంది, వేయనిదాని ఊసే ఉండదు. పందేలు పెట్టింది, చూశారు, ఇంకొన్ని పెట్టింది. ఈ చట్రం బిగుసుకుపోకుండా ఇంజినీర్లు కావాలనే అప్పుడప్పుడూ సంబంధం లేని వీడియో కలుపుతారు. మరీ ఎక్కువ కలిపితే మనం విసుగొచ్చి ఫోన్ పక్కన పడేస్తాం. ఎంత కలపాలన్నదే వాళ్లకి తలనొప్పి.

అక్కడే కూర్చోబెట్టి "నాట్ ఇంట్రెస్టెడ్" నొక్కడం నేర్పించాను. రెండు వీడియోలకి బుద్ధిగా నొక్కారు. మూడోది రాగానే ఫోన్ కళ్లకి దగ్గరగా పెట్టుకుని, "ఉండవోయ్, ఆ పచ్చ చొక్కావాడెవడో చూడనీ" అన్నారు.