స్టాప్ మోషన్‌లో రాత్రి సీన్లు: లైటింగ్ అపోహలు - వాస్తవాలు

బొమ్మని కాస్త కాస్త జరుపుతూ ఒక్కో ఫోటో తీసే స్టాప్ మోషన్ యానిమేషన్ మొదలుపెట్టినవాళ్లు రాత్రి సీన్ అనగానే ముందు లైట్లు ఆర్పేస్తారు. కెమెరాలో ఏమీ కనపడక ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) పెంచుతారు. ఆ రెండూ అక్కర్లేదు.

అపోహ: రాత్రి అంటే తక్కువ వెలుతురు, ఎక్కువ ఐఎస్ఓ.

మామూలు షూటింగ్‌లో ఆ ఇబ్బంది నిజమే. సెకనుకి 24 ఫ్రేములు పరుగెడుతుంటే షట్టర్‌కి టైమ్ ఉండదు. మనం తీసేది విడి ఫోటోలు, బొమ్మ ఎలాగూ కదలదు. ఐఎస్ఓ 100, ఎఫ్/11 (లెన్స్‌లో వెలుగు దూరే కన్నం చిన్నగా) పెట్టుకుని షట్టర్ సెకనంతా తెరిచి ఉంచినా అడిగేవాడు లేడు. చీకటి అనిపించేది వెలుగుకీ నీడకీ మధ్య తేడా వల్లే. లైట్ వెనక నుంచి ఏటవాలుగా వేసి ముఖాన్ని నీడలో వదలండి. కళ్లు మరీ కనపడకపోతే వెలుగు తిరిగి ముఖం మీద పడేలా ముందు ఒక థర్మాకోల్ ముక్క పెడితే చాలు.

అపోహ: సెట్ చిన్నది కాబట్టి లైట్ దగ్గర పెట్టాలి.

బల్ల మీద సెట్ బొమ్మరిల్లులా కనపడటానికి సగం కారణం ఇదే. బొమ్మకి అర మీటరు దూరంలో లైట్ ఉంటే, ఆ వెనక ఇంకో అర మీటరు దూరంలో ఉన్న గోడ మీద పడే వెలుగు నాలుగో వంతే. వెన్నెల అలా తగ్గదు, పెరటికీ వీధికీ ఒకేలా పడుతుంది. అదే లైట్‌ని 3 మీటర్లు వెనక్కి జరిపితే గోడకి దాదాపు ముప్పావు వంతు వెలుగు అందుతుంది.

నీడ అంచు కూడా చూసుకోవాలి. ఆకాశంలో చంద్రుడి వెడల్పు అర డిగ్రీ. 2 మీటర్ల దూరం నుంచి అంత కనపడాలంటే లైట్ ముఖం 18 మిల్లీమీటర్లు ఉంటే సరిపోతుంది, అంటే రూపాయి బిళ్ల కన్నా కాస్త చిన్నది. పెద్ద ఎల్ఈడీ ప్యానెల్ పెట్టి వెన్నెల అంటే నీడలు మెత్తబడి మబ్బు పట్టిన పగలులా ఉంటుంది. చిన్న స్పాట్ లైట్‌కి నల్ల ఫాయిల్ చుట్టి, ఆ మేరకు కన్నం ఉంచండి. తగ్గిన వెలుగు సంగతి షట్టర్ చూసుకుంటుంది.

అపోహ: వెన్నెల నీలంగా ఉంటుంది.

అసలు వెన్నెల ఎండ కన్నా కాస్త పసుపు. మసక వెలుతురులో మన కళ్లే దాన్ని నీలంగా చూస్తాయి. ప్రేక్షకుడికి ఆ అలవాటు ఉంది కాబట్టి కొంచెం నీలం కావాలి, కొంచెమే. 5600 కెల్విన్ (పగటి వెలుగు రంగు) లైట్‌కి కెమెరా వైట్ బ్యాలెన్స్ (ఏ రంగు వెలుగుని తెలుపుగా చూడాలో చెప్పే సెట్టింగ్) 4300 దగ్గర పెడతాను. అంతకన్నా కిందికి దించితే ఇంకు పోసినట్టే.

అపోహ: ఫ్లికర్ (ఫోటో ఫోటోకీ వెలుగు మారి తెర మీద మినుకుమనడం) వస్తే సాఫ్ట్‌వేర్ ఉందిగా.

ఫ్రేమ్ మొత్తం ఒకేలా మినుకుమంటే సాఫ్ట్‌వేర్ బాగానే సర్దుతుంది. వెన్నెల లైట్ ఒకలా, కిటికీలో బల్బు ఇంకోలా ఊగుతుంటే ఒకదాన్ని సరిచేయబోయి రెండోదాన్ని చెడగొడుతుంది. రాత్రి సీన్లలో ఎక్కువ జరిగేది ఇదే.

మూలం దగ్గరే ఆపాలి. పక్కింట్లో మోటార్ వేశారు, 230 వోల్టులు 225కి దిగాయి అనుకోండి. ఫిలమెంట్ బల్బు వెలుగు సుమారు 7 శాతం పడిపోతుంది. స్టెబిలైజర్ సర్దుకునేలోపు ఫోటో అయిపోతుంది. అందుకే బ్యాటరీ మీద నడిచే మంచి ఎల్ఈడీలు, లేదంటే ఆన్‌లైన్ యూపీఎస్ (వోల్టేజి ఊగకుండా ఎప్పుడూ ఒకేలా ఇచ్చేది). లెన్స్ కూడా దొంగే: ఆటోమేటిక్ లెన్స్‌లో అపర్చర్, అంటే వెలుగు దూరే ఆ కన్నం, ప్రతి ఫోటోకీ తెరుచుకుని మళ్లీ మూసుకుంటుంది, ప్రతిసారీ సరిగ్గా అక్కడే ఆగదు. రింగ్ తిప్పే పాత మాన్యువల్ లెన్స్‌ని అడాప్టర్‌తో వాడితే ఆ గొడవ లేదు. యానిమేటర్ నల్ల చొక్కా వేసుకోవాలి, క్లిక్ చేసేటప్పుడు రోజూ ఒకే చోట నిలబడాలి. తెల్ల చొక్కా నుంచి తిరిగొచ్చే వెలుగు పగటి సీన్‌లో కనపడదు, రాత్రి సీన్‌లో పట్టిస్తుంది.

అపోహ: దీపం సీన్‌కి నిజం దీపమే అందం.

రెండు ఫోటోల మధ్య నిమిషాలు గడుస్తాయి. ఆలోపు మంట ఎటు ఊగిందో దానిష్టం, తెర మీద పిచ్చిగా గెంతుతుంది. పైగా వేడికి బంకమట్టి బొమ్మ మెత్తబడుతుంది. చిన్న పసుపు ఎల్ఈడీని డీఎమ్ఎక్స్‌కి (కంప్యూటర్ నుంచి లైట్లని నడిపే పద్ధతి) కలిపి డ్రాగన్‌ఫ్రేమ్ అనే స్టాప్ మోషన్ సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ వెలుగు రాసుకోండి: 100, 96, 91, 88, 97. మెల్లగా తగ్గి, చటుక్కున లేవాలి. ఇంకా మంచి పద్ధతి, ప్రతి ఫ్రేమ్‌నీ రెండుసార్లు తీయడం: ఒకటి వెన్నెల లైట్‌తో, ఒకటి దీపం లైట్‌తో. రెండూ అయ్యాకే బొమ్మని ముట్టుకోవాలి. రెండు ఫోటోలనీ కలిపేటప్పుడు దీపం ఎంత వెలగాలో ఎడిటింగ్‌లో తీరిగ్గా తేల్చుకోవచ్చు.