రోటరీ జాయ్‌స్టిక్: కాలిబ్రేషన్ జోలికి పోయేముందు కొన్ని అపోహలు - వాస్తవాలు

"అన్నా, జర కాలిబ్రేషన్ చేసి పెట్టరాదే" అంటూ సంచిలోంచి ప్లైవుడ్ డబ్బా తీసి నా కౌంటర్ మీద పెట్టినవాళ్లు ఈ రెండు నెలల్లో ఐదుగురు. ఐదూ ఇంట్లో చేసుకున్న రోటరీ జాయ్‌స్టిక్‌లే, అంటే దిక్కులకు వంచడమే కాక, పైన గుబ్బ తిప్పి ఆటలో సైనికుడు ఎటు చూడాలో చెప్పే స్టిక్‌లు. కంప్లయింటు కూడా ఒకటే: గుబ్బ ఒక పక్కకు తిప్పితే ఆటలో సైనికుడు ఇంకో పక్కకు చూస్తున్నాడు, మొదట్లో బాగానే ఉండి పది నిమిషాలకు తప్పుతోంది. ఐదింట్లో ఒక్కదానికి కూడా కాలిబ్రేషన్ అవసరం పడలేదు. హనుమకొండలో చిన్న రిపేరు షాపు నాది, కూర్చోబెట్టి ఒక్కొక్కరికీ ఇదంతా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే రాసి పెడుతున్నా.

అపోహ: సెట్టింగ్స్‌లో కాలిబ్రేట్ చేస్తే అన్నీ సర్దుకుంటాయి.

ఎక్కువ మంది డబ్బులూ, సెలవులూ మింగేస్తున్నది ఇదే. మామూలు అనలాగ్ స్టిక్‌కు ఒక మధ్య ఉంటుంది, రెండు కొసలు ఉంటాయి. విండోస్‌లో ఉండే కాలిబ్రేట్ బటన్ ఆ మధ్యనూ కొసలనూ గుర్తుపెట్టుకుంటుంది, అంతే దాని పని. రోటరీకి మధ్య ఏది, కొస ఏది? అది గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. 1986లో ఇకారి వారియర్స్ అనే ఆర్కేడ్ ఆటతో ఎస్‌ఎన్‌కే కంపెనీ వాళ్లు ఇచ్చిన ఎల్‌ఎస్-30 స్టిక్ చూడండి, చుట్టుకు 12 స్థానాలు, ఒక్కోటి 30 డిగ్రీలు. హెవీ బ్యారెల్, మిడ్‌నైట్ రెసిస్టెన్స్ అనే ఆటలు కూడా ఇదే రకం స్టిక్‌తో ఆడేవి. అంటే మనం చేసే పని కొలవడం కాదు, లెక్కపెట్టడం. చుట్టు తిరిగితే పన్నెండు రావాలి. రాలేదంటే ఎక్కడో లెక్క తప్పుతోంది, ఎక్కడ తప్పుతోందో చూడకుండా సెన్సిటివిటీ (ఎంత తిప్పితే ఎంత కదలాలనే సెట్టింగు) ఎంత మార్చినా లాభం లేదు. ఎనుమాముల మార్కెట్ యార్డులో కాటా కింద రాయి అడ్డం పడిందనుకోండి, ముల్లు సున్నాకు జరిపితే మిర్చి బస్తా బరువు సరిగ్గా వస్తుందా?

కాజీపేట నుంచి ఒక డిగ్రీ పిల్లగాడు వచ్చాడు. "సెన్సిటివిటీ పదిహేను నుంచి నూరు దాకా అన్నీ పెట్టి చూసిన అన్నా, అటు జూడమంటే ఇటు జూస్తాంది" అన్నాడు. నెల రోజులు దాని మీదే కూర్చున్నాడట. ఎన్‌కోడర్ (ఇరుసు ఎంత తిరిగిందో సిగ్నల్‌గా చెప్పే భాగం) పాడైందని రెండోది కొన్నాడు, ఆ సిగ్నల్‌ను కంప్యూటర్‌కు పంపే బోర్డు పాడైందని రెండోది కొన్నాడు. ఇంట్లో వాళ్ల నాన్న తిట్లు వేరే. వాడి ముఖం చూస్తే పాపం అనిపించింది. తప్పు తన ప్రోగ్రాంలోనే ఉందని, తనకు ఇవి చేతకావని డిసైడ్ అయిపోయి వచ్చాడు.

నేను ప్రోగ్రాం తెరవనే లేదు. మార్కర్ తీసుకుని గుబ్బ మీద ఒక గీత, దానికి ఎదురుగా డబ్బా మీద ఒక గీత గీశాను. సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే అంకెలు చూపే కంప్యూటర్ కిటికీలో) లెక్క కనిపించేట్టు పెట్టి, గీతకు గీత కలిసేలా సరిగ్గా పది చుట్లు తిప్పమన్నాను. 120 రావాలి. 117 వచ్చింది. మళ్లీ తిప్పమన్నాను, 112. మూడోసారి 119.

మీ దగ్గర రోటరీ ఉంటే ముందు ఈ పరీక్ష చేయండి, మిగతా పోస్టు తర్వాత చదవొచ్చు. ప్రతిసారీ ఒకే తప్పు అంకె వస్తే మీ భాగహారం తప్పు, ప్రోగ్రాంలో దిద్దుకోవచ్చు. ప్రతిసారీ వేరే అంకె వస్తే మాత్రం ఏదో జారుతోంది, లేదా సిగ్నల్ మధ్యలో పోతోంది. దాన్ని ఏ సెట్టింగూ బాగుచేయలేదు, స్క్రూడ్రైవర్ పట్టాల్సిందే.

ఆ పిల్లగాడి డబ్బా తిరగేసి చూస్తే, స్టిక్ ఇరుసునూ ఎన్‌కోడర్ ఇరుసునూ బైకు పెట్రోల్ పైపు ముక్కతో కలిపాడు. ఐడియా మంచిదే, కాస్త వంగుతుంది కూడా. కానీ రెండూ నున్నటి గుండ్రటి కడ్డీలు, మెల్లగా తిప్పితే పట్టుకుంటుంది, ఆట వేడిలో విసురుగా తిప్పితే పైపు లోపల జారుతుంది. ఎం-సీల్ పెట్టి కూడా చూశాడట, రెండు రోజులు ఆగి ఊడింది. ఆకురాయితో రెండు ఇరుసులకూ ఒక పక్క చదును చేసి, లేత్ మిషన్ దగ్గర ఒక చిన్న ఇత్తడి బుష్షు తిప్పించి, ఆ చదును మీద కూర్చునేలా రెండు గ్రబ్ స్క్రూలు (తల లేని చిన్న స్క్రూలు) బిగించాం. పది చుట్లకు 120. కుడికి పది, ఎడమకు పది తిప్పితే మళ్లీ సున్నా. వాడు నమ్మలేక నాలుగుసార్లు తిప్పాడు.

ఇంకో డబ్బాలో పైపు గట్టిగానే ఉంది, ఎన్‌కోడరే గుబ్బతో పాటు తిరుగుతోంది. స్టిక్ అన్ని వైపులకూ వంగాలి కాబట్టి దాని కింద వేలాడే ఎన్‌కోడర్ కూడా వంగాలి, కానీ తిరగకూడదు. వంగనిస్తూ తిరగనివ్వని పట్టీ ఒకటి ఉండాలి. రేకు ముక్కకు పొడవాటి గాడి కోసి, ఎన్‌కోడర్ బాడీకి బిగించిన మేకు ఆ గాడిలో జారేలా పెట్టినా చాలు. అది లేకపోతే లెక్క తప్పడమే కాదు, వైర్లు మెలిపడి వారంలో తెగుతాయి.

అపోహ: ఏ ఎన్‌కోడర్ అయినా ఒకటే.

కేవై-040 అని వంద రూపాయల అటూ ఇటూ దొరికే ఎన్‌కోడర్ మాడ్యూల్ అందరి దగ్గరా ఉంటుంది. చుట్టుకు 20 క్లిక్‌లు. మనకు కావాల్సింది 12. ఇరవైని పన్నెండుతో భాగించండి, చక్కగా పోదు. ఒక్కో క్లిక్‌కు నాలుగు మార్పులు, చుట్టుకు 80. ఆరు మార్పులకు ఒక అడుగు పెడితే పది చుట్లకు 133, ఏడుకు పెడితే 114. ప్రతిసారీ ఒకే తప్పు అంకె అన్నానే, అది ఇదే. ప్రోగ్రాంలో ప్రతి మార్పుకూ 12 కలుపుతూ 80కి చేరినా దాటినా ఒక అడుగు వేసి, 80 తీసేసి మిగిలింది దాచుకుంటే లెక్క సరిపోతుంది. అయినా చేతికి తగిలే ఐదు క్లిక్‌లకు తెర మీద మూడు అడుగులే పడతాయి, కొన్ని క్లిక్‌లకు సైనికుడు కదలడు. చికాకు. కొత్తగా కొనేవాళ్లు 24 క్లిక్‌లది అడగండి, రెండు క్లిక్‌లకు ఒక అడుగు, పీడ వదులుతుంది.

చుట్టుకు 600 పల్స్‌ల ఫ్యాక్టరీ ఎన్‌కోడర్ కొంటే ఇంకా బాగుంటుందని ఎవరో చెబితే కొన్నవాళ్లూ ఉన్నారు. దానికి క్లిక్‌లే ఉండవు, ఎక్కడ ఆగాలో వేలికి తెలియదు. డబ్బులు ఉంచుకోండి.

అపోహ: ఎన్‌కోడర్ బదులు క్లిక్ స్విచ్ పెడితే అసలు తప్పే రాదు.

పన్నెండు స్థానాల రోటరీ స్విచ్ మంచి దారే, ఒప్పుకుంటా. కానీ చాలావాటికి లోపల అడ్డు నాలుక ఉంటుంది, పన్నెండో చోట ఆగిపోతుంది. అది తీసేయగలిగే మోడలేనా అని కొనేముందు చూడండి. పన్నెండు వైర్లు నేరుగా ప్రో మైక్రో బోర్డుకు ఇస్తే ఉన్న 18 పిన్‌లలో 12 అయిపోయి, దిక్కులకు 4 పోయి, రెండే మిగులుతాయి. తుపాకీ, గ్రనేడ్, స్టార్ట్, కాయిన్ ఎక్కడ పెడతారు? అందుకే వరుసగా రెసిస్టర్లు పేర్చి ఒకే అనలాగ్ పిన్‌కు (వోల్టేజీని 0 నుంచి 1023 దాకా అంకెగా చదివే పిన్) ఇస్తారు. ఇక్కడే అందరూ పడే గుంట ఉంది. పదకొండు రెసిస్టర్లు పెడితే 1023ను 11తో భాగించి సరిగ్గా 93 చొప్పున మెట్లు వస్తాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ మొదటి స్థానం విలువ సున్నా. స్విచ్ ఒక స్థానం నుంచి ఇంకో స్థానానికి పోయేటప్పుడు మధ్యలో ఏదీ తగలని ఒక క్షణం ఉంటుంది, గ్రౌండుకు (సున్నా వోల్టుల వైరుకు) లక్ష ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి ఉంటే అప్పుడూ సున్నానే. ప్రతి క్లిక్‌కూ సైనికుడు ఒకసారి మొదటి స్థానానికి తిరిగి వస్తాడు, మీరేమో దయ్యం పట్టిందనుకుంటారు. గ్రౌండు వైపు పన్నెండో రెసిస్టర్ ఒకటి కలపండి. మెట్లు 85 చొప్పున వస్తాయి, సున్నా ఖాళీ అవుతుంది. సున్నా కనిపిస్తే పాత స్థానాన్నే పట్టుకోమని ప్రోగ్రాంకు చెప్పండి. అయిపోయింది.

మిగతావి గబగబా. పొటెన్షియోమీటర్ పనికిరాదు, ముప్పావు చుట్టు దాటాక ఆగిపోతుంది, బలవంతంగా తిప్పితే విరుగుతుంది. ఆర్డుయినో ఉనో బోర్డు నేరుగా జాయ్‌స్టిక్‌లా కనిపించదు, లియొనార్డో గానీ ప్రో మైక్రో గానీ తీసుకోండి. ఎన్‌కోడర్‌ను రెండు బటన్లలా పంపేవాళ్లు ఒక్కో నొక్కును 20 మిల్లీసెకన్లు ఉంచి, 20 ఖాళీ ఇవ్వండి. ఆట సెకనుకు 60 సార్లు చూస్తుంది, అంతకన్నా చిన్న నొక్కు దాని కంట పడకపోవచ్చు. వేగంగా తిప్పితేనే తప్పుతోందంటే కారణం చాలాసార్లు ఇదే.

"కంప్యూటర్ కాలిపోతదా సార్?" అని ఒక అమ్మ కొడుకుతో పాటు వచ్చి అడిగారు. ఇది ఐదు వోల్టుల వ్యవహారం, షాక్ భయం లేదమ్మా. యూఎస్‌బీ పెట్టేముందు మల్టీమీటర్‌తో ఐదు వోల్టుల వైరూ గ్రౌండూ తాకించి చూడండి, బీప్ రాకూడదు. ఆ ఒక్క పని చేసి నిమ్మళంగా ఉండండి.

నాకూ ఒకసారి చుక్కలు కనిపించాయి. పాత బంతి మౌస్ విప్పి దాంట్లోని కంతల చక్రం, ఇన్‌ఫ్రారెడ్ జత తీసి రోటరీ చేశాను. పొద్దున బ్రహ్మాండం. మధ్యాహ్నం మూడింటికి ఎవరూ ముట్టుకోకుండానే లెక్క పరుగెత్తేది. రెండు రోజులు టంకాలు మళ్లీ మళ్లీ వేశాను, కెపాసిటర్లు మార్చాను. మూడో రోజు కస్టమర్ వచ్చి కౌంటర్ ముందు నిలబడగానే లెక్క ఆగింది, పక్కకు జరగ్గానే మొదలైంది. షటర్ సందులోంచి పడే ఎండ సరిగ్గా ఆ సెన్సర్ మీద పడుతోంది. నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టాను.

ఇంతా చేశాక కూడా కుదరకపోతే డబ్బా తీసుకురండి, చూస్తాను. గుబ్బ మీద గీత గీసి, పది చుట్ల లెక్క మూడుసార్లు కాగితం మీద రాసుకుని మరీ రండి.